ట్రాన్స్‌ఫార్మర్ హోరు నుంచి డప్పు దెబ్బ దాకా: సింథ్ మొదటి పాఠాలు

బోరు మోటరు వేయడానికి పొలానికి పోయినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రెండు నిమిషాలు నిలబడటం నాకు అలవాటు. 'మ్‌మ్‌మ్' అని ఒకటే హోరు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపులో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. అందుకే చెవికి వినపడేది 50 కాదు, 100 హెర్ట్జ్. కీబోర్డు మీద వెతికితే కింది స్థాయిలో జీ మెట్టుకు కొంచెం పైన దొరుకుతుంది. పైగా ఆ హోరు ఒక్క స్వరం కాదు. దాని మీద 200, 300 అంటూ సన్నని స్వరాలు దొంతరగా ఉంటాయి. చెవి పెట్టి వింటే విడివిడిగా పట్టుకోవచ్చు.

ఇది గమనించినవాళ్లకు సింథసైజర్‌లో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యంలో, సగం వచ్చేసినట్టే. కరెంటు ఊపు వేగాన్ని మన చేతిలోకి తీసుకుంటే స్వరం, ఆ దొంతరలోంచి కొన్నిటిని తీసేస్తే గొంతు. ఇలా తీసేస్తూ సౌండ్ తయారుచేసే పద్ధతినే సబ్‌ట్రాక్టివ్ సింథసిస్ అంటారు. మిర్యాలగూడ మిల్లులో వడ్లు పోస్తే ముందు ఊక పోతుంది, తర్వాత తవుడు పోతుంది, చివరికి బియ్యం మిగులుతుంది. పని అదే. ఎక్కువ పాలిష్ పట్టిస్తే బియ్యం తెల్లగా ఉంటుంది కానీ రుచి పోతుంది. అది కూడా ఇక్కడ వర్తిస్తుంది, ఫిల్టర్ దగ్గర చూద్దాం.

నల్గొండలో నా చిన్న రికార్డింగ్ గదికి వచ్చే పిల్లలు ఎక్కువగా డీజే పాటలు చేయాలనుకునేవాళ్లు. అందరూ మొదట అడిగేది ప్రీసెట్లే, అంటే ఎవరో ముందే తయారుచేసి పెట్టిన సౌండ్లే. "అన్నా, ఆ పాటల ఉన్న బేస్ ఏ ప్యాక్‌ల ఉంటది?" అని. నేను ఒక నెల వరకు ప్రీసెట్ల ఫోల్డర్ తెరవొద్దంటాను. కొందరు మళ్లీ రారు. వచ్చినవాళ్లకు నేర్పే వరస ఇది.

ఏం కావాలి

నిజం మాడ్యులర్ సింథ్, అంటే విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి కట్టుకునేది, కొనక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా నడిచే యూరోరాక్ పద్ధతి జర్మనీకి చెందిన డోప్‌ఫర్ కంపెనీ 1990ల మధ్యలో మొదలుపెట్టింది. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నంత 3.5 మిల్లీమీటర్ల పిన్నులతో మాడ్యూళ్లను కలుపుకుంటూ పోవడమే. కానీ చాలా మాడ్యూళ్లు ఒక్కోటి ఒక ఫోనంత ధర. మనకు వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అసలు మాడ్యూళ్లలాగే తెర మీద నాబులు, కేబుళ్లు ఉంటాయి. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటి మీదా నడుస్తుంది.

ల్యాప్‌టాప్ మామూలుది సరిపోతుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి. ల్యాప్‌టాప్ స్పీకర్లో 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ వినపడదు. బేస్ చేస్తున్నానని నాబులు తిప్పుతూ కూర్చుంటే అసలు బేస్ వస్తోందో లేదో కూడా తెలియదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ముందు వాల్యూమ్ నాలుగో వంతుకు తగ్గించండి. ఎందుకో నా కథే చెబుతాను. కొత్తలో ఒక పెళ్లికి ల్యాప్‌టాప్ తీసుకుపోయి మైక్ సెట్‌కు కలిపాను. అందరి ముందూ గొప్పగా ఫిల్టర్ రెజొనెన్స్ నాబ్ (అదేం చేస్తుందో ముందు ముందు చూద్దాం) చివరిదాకా తిప్పాను. 'కీఁ' అని ఒక్క కేక పెట్టి బాక్సులో ట్వీటర్ కాలిపోయింది. దాని ఖరీదు నా కూలీలోంచి కోసుకున్నారు. డబ్బు పోతే మళ్లీ వస్తుంది, చెవి అలా కాదు.

ముందు ఖాళీ చేయండి

ర్యాక్ తెరవగానే కొన్ని మాడ్యూళ్లు ముందే అమర్చి ఉంటాయి. కంట్రోల్, ఏ కలిపి నొక్కి అన్నిటినీ ఎంచుకుని డిలీట్ కొట్టి తీసేయండి. ఒక్కో మాడ్యూలూ మీ చేత్తో పెట్టుకుంటేనే అది ఎందుకుందో గుర్తుంటుంది.

ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కితే మాడ్యూళ్ల జాబితా వస్తుంది. వీసీవీ పేరుతో ఉన్నవాటిలోంచి మూడు తెచ్చుకోండి: వీసీఓ (స్వరం పుట్టించే ఆసిలేటర్), స్కోప్ (తరంగాన్ని గీతగా చూపించేది), ఆడియో (సౌండ్‌ను బయటికి పంపేది). ఆడియో మాడ్యూల్ మీద మీ సౌండ్ కార్డు ఎంచుకోండి. వీసీఓలో 'సైన్' అని ఉన్న రంధ్రం నుంచి కేబుల్ లాగి ఆడియో మొదటి ఇన్‌పుట్‌లో పెట్టండి. అక్కడి నుంచే ఇంకో కేబుల్ రెండో ఇన్‌పుట్‌కు, మరొకటి స్కోప్‌కు లాగండి.

సౌండ్ పటపటమని చిట్లుతుంటే ఆడియో మాడ్యూల్లో బ్లాక్ సైజు పెంచండి. 44100 శాంపిల్ రేటు దగ్గర 512 పెడితే దాదాపు 12 మిల్లీసెకన్లు, 1024 పెడితే 23 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. నేర్చుకునే దశలో ఆ తేడాకు టెన్షన్ పడక్కర్లేదు.

ఆసిలేటర్: పచ్చి సరుకు

ఇప్పుడు మీకు వినపడేది సైన్ తరంగం. స్కోప్‌లో నున్నగా అల లాగా కనపడుతుంది. మూల స్వరం ఒక్కటే, పైన దొంతర ఏమీ లేదు. కేబుల్‌ను వరసగా మిగతా మూడు అవుట్‌పుట్లకు మార్చి వినండి. ఒక్కోదాని దగ్గర కనీసం ఒక నిమిషం ఆగండి.

రంపం పళ్లలా కనపడే 'సా' తరంగంలో అన్ని హార్మోనిక్స్, అంటే మూల స్వరం మీది దొంతర స్వరాలు, ఉంటాయి. మూల స్వరం 110 హెర్ట్జ్ అనుకుంటే 220, 330, 440 అలా పోతూనే ఉంటాయి. రెండోదాని బలం సగం, మూడోది మూడో వంతు, నాలుగోది నాలుగో వంతు. అందుకే అది చెవిలో జుయ్‌మంటుంది. చదరంగా ఉండే స్క్వేర్‌లో బేసి సంఖ్యలవే ఉంటాయి: 110, 330, 550. అందుకే బోలుగా, వెదురు గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. ట్రయాంగిల్‌లోనూ బేసివే, కానీ అవి చాలా త్వరగా నీరసపడిపోతాయి. అందుకని అది సైన్‌కు దగ్గరి చుట్టంలా మెత్తగా ఉంటుంది. స్క్వేర్ వినేటప్పుడు పల్స్ విడ్త్ నాబ్‌ను 50 శాతం నుంచి 10 వైపు తిప్పి చూడండి. బోలు గొంతు కాస్తా సన్నాయిలా ముక్కులోంచి వస్తుంది.

తీసివేత పనికి 'సా' మంచి సరుకు. ఏది తీయాలన్నా అందులో ఉంటుంది. లేనిదాన్ని ఫిల్టర్ తీయలేదు కదా, సైన్‌ను ఫిల్టర్‌లో పెడితే దాని సౌండు తగ్గడం తప్ప ఇంకేం జరగదు.

స్వరం ఎక్కడుందో నాబ్ చెబుతుంది, కానీ వాయించాలంటే వోల్టేజీ కావాలి. లెక్క సులువు: 1 వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపవుతుంది. 0 వోల్టుల దగ్గర 261.6 హెర్ట్జ్ ఉంటే 1 వోల్టు దగ్గర 523.2. కీబోర్డులో ఒక్కో మెట్టు వోల్టులో పన్నెండో వంతు. మాడ్యులర్ అంతా ఈ ఒక్క ఒప్పందం మీద నడుస్తుంది. స్వరానికీ ఫిల్టర్‌కూ వాల్యూమ్‌కూ ఆజ్ఞలు వోల్టేజీ రూపంలోనే పోతాయి. కాబట్టి ఏ అవుట్‌పుట్‌నైనా ఏ ఇన్‌పుట్‌లోనైనా పెట్టొచ్చు. ఏదీ కాలిపోదు, ఇది సాఫ్ట్‌వేర్.

ఇది అమెరికాలో 1964 ప్రాంతంలో రాబర్ట్ మోగ్ పట్టాలెక్కించిన పద్ధతి. మన దేశానికి రావడానికి ఎక్కువ కాలమేమీ పట్టలేదు. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ మాడ్యులర్‌తో స్టూడియో పెట్టాడు. గీతా సారాభాయ్ లాంటి మన సంగీతకారులు అక్కడ పనిచేశారు. ఇదంతా మనది కాదనుకునేవాళ్లకు ఈ ముక్క చెబుతుంటాను.

ఫిల్టర్: ఇక్కడే ఎక్కువ రోజులు ఉండండి

వీసీఎఫ్ మాడ్యూల్ తెచ్చి వీసీఓకూ ఆడియోకూ మధ్య పెట్టండి. 'సా' కేబుల్ ఫిల్టర్ ఇన్‌పుట్‌లోకి, లో పాస్ అవుట్‌పుట్ ఆడియోకి. వీసీఓ నాబ్ మీద కుడి బటన్ నొక్కి 110 అని టైప్ చేయండి. రెజొనెన్స్ సున్నా. ఇప్పుడు కటాఫ్ నాబ్‌ను పై చివర నుంచి కిందికి, ఒక పూర్తి నిమిషం పట్టేంత నెమ్మదిగా తిప్పండి.

గదిలో పాట మోగుతుంటే మధ్యలో ఒక్కో తలుపూ మూసుకుంటూ బయటికి పోతున్నట్టు ఉంటుంది. ముందు జుయ్యిమనే మెరుపు పోతుంది. తర్వాత గొంతు గుండ్రబడుతుంది. కటాఫ్ 110 దగ్గరకు వచ్చేసరికి మూల స్వరం ఒక్కటే మిగిలి దాదాపు సైన్‌లా అయిపోతుంది. స్కోప్‌లో రంపం పళ్లు అరిగి అలలుగా మారడం కళ్లతో చూడొచ్చు.

లో పాస్ అంటే కటాఫ్ కిందివాటిని పోనిస్తుంది, పైవాటిని తగ్గిస్తుంది. గోడ కట్టినట్టు ఆపదు, వాలు ఉంటుంది. ఈ ఫిల్టర్‌లో కటాఫ్ దాటాక ఒక్కో స్థాయికి 24 డెసిబెళ్ల చొప్పున, అంటే దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. హై పాస్ దీనికి తిరగేసిన పని చేస్తుంది.

ఇప్పుడు రెజొనెన్స్ సగానికి పెంచి మళ్లీ అదే నెమ్మదితో తిప్పండి. కటాఫ్ దగ్గరున్న హార్మోనిక్ మీద ఎవరో వేలు పెట్టి చూపించినట్టు ఒక్కోటీ పైకి లేస్తుంది: 550, 440, 330, 220. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర విన్న దొంతర ఇదే. ఈ ఒక్క కసరత్తు వారం రోజులు రోజూ పది నిమిషాలు చేస్తే, ఏ పాటలోనైనా ఫిల్టర్ కదిలిన చోటు చెవికి ఇట్టే తెలిసిపోతుంది. రెజొనెన్స్ ఇంకా పెంచితే ఫిల్టర్ తనంతట తానే కూయడం మొదలుపెడుతుంది. ట్వీటర్ సంగతి గుర్తుంచుకోండి.

కొత్తవాళ్ల తప్పు ఒకటే. కటాఫ్ బాగా మూసేసి, సౌండ్ చాలట్లేదని వాల్యూమ్ పెంచుతారు. హెడ్‌ఫోన్స్‌లో మెత్తగా బాగుంటుంది. ఊరేగింపులో బాక్సుల మీద పెడితే ఏమీ అర్థం కాని గొణుగుడు వస్తుంది. తవుడంతా తీసేసిన బియ్యం ఇదే.

వీసీఏ, ఎన్వలప్

ఇప్పటిదాకా సౌండ్ ఆగకుండా మోగుతూనే ఉంది. దాన్ని తెరిచి మూసే తూము వీసీఏ. చెరువు తూము ఎంత ఎత్తితే అన్ని నీళ్లు. తూమును ఎప్పుడు ఎంత ఎత్తాలో చెప్పేది ఏడీఎస్ఆర్ ఎన్వలప్.

వీసీఏ, ఏడీఎస్ఆర్, మిడి టు సీవీ (మెట్ల నొక్కులను వోల్టేజీగా మార్చేది) అనే మూడు మాడ్యూళ్లు తెచ్చుకోండి. ఫిల్టర్ అవుట్‌పుట్ వీసీఏలోకి, వీసీఏ నుంచి ఆడియోకి. ఏడీఎస్ఆర్ అవుట్‌పుట్‌ను వీసీఏ కంట్రోల్ ఇన్‌పుట్‌లోకి ఇవ్వండి. మిడి మాడ్యూల్లో డ్రైవర్‌గా కంప్యూటర్ కీబోర్డు ఎంచుకుంటే జెడ్ అక్షరం నుంచి మొదలయ్యే వరస హార్మోనియం మెట్లయిపోతుంది. దాని గేట్‌ను (మెట్టు నొక్కి ఉన్నంతసేపూ వచ్చే సంకేతం) ఏడీఎస్ఆర్ గేట్‌కు, వోల్ట్ పర్ ఆక్టేవ్ (స్థాయికి ఒక వోల్టు) అవుట్‌పుట్‌ను వీసీఓకు కలపండి.

అటాక్ అంటే మెట్టు నొక్కగానే సౌండ్ పైకి లేవడానికి పట్టే సమయం. డికే అంటే అక్కడి నుంచి దిగడానికి పట్టే సమయం. రిలీజ్ అంటే వేలు తీశాక ఆరిపోవడానికి పట్టే సమయం. సస్టెయిన్ మాత్రం సమయం కాదు, వేలు నొక్కి ఉంచినంతసేపూ సౌండ్ నిలిచే మట్టం. దీన్ని సమయం అనుకుని తికమకపడనివాడిని నేనింకా చూడలేదు.

కిన్నెర తీగ లాంటిది

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. తీగ మీటగానే మెరుపుగా మోగి, క్షణంలో మెత్తబడి ఆరిపోతుంది. సొరకాయ బుర్రలు ఆ సౌండుకు బలం ఇస్తాయి. కిన్నెరను అచ్చంగా దించలేం, దించాలని కూడా కాదు. కానీ మీటిన తీగ ఎలా ప్రవర్తిస్తుందో దీని మీద బాగా అర్థమవుతుంది.

వీసీఏ ఎన్వలప్: అటాక్ కనిష్ఠం, డికే 600 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా, రిలీజ్ 300. ఇప్పుడే తీగ పోలిక వస్తుంది, కానీ ఏదో లోటు. మీటినప్పుడు పై హార్మోనిక్స్ ముందు ఆరిపోతాయి, కిందివి తర్వాత ఆరతాయి. అంటే ఫిల్టర్ కూడా కదలాలి. రెండో ఏడీఎస్ఆర్ తెచ్చి అదే గేట్ ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ను ఫిల్టర్ కటాఫ్ ఇన్‌పుట్‌లో పెట్టండి. డికే 200 చాలు, సస్టెయిన్ ఇక్కడా సున్నా.

దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లగాడు ఒకడు ఇక్కడిదాకా వచ్చి అరగంట తల పట్టుకున్నాడు. "అన్నా, కేబుల్ పెట్టిన, ఏం మారతలేదు" అని. ఆ ఇన్‌పుట్ పైన ఒక చిన్న నాబ్ ఉంటుంది, మొదట అది సున్నా మీదే ఉంటుంది. కేబుల్ పెట్టినా అది తిప్పేదాకా ఏమీ లోపలికి పోదు. 30 శాతానికి తిప్పండి. ఎన్వలప్ గరిష్ఠంగా 10 వోల్టులు ఇస్తుంది. అందులో 30 శాతం 3 వోల్టులు, అంటే కటాఫ్ మూడు స్థాయిలు పైకి పోతుంది. కటాఫ్ 200 దగ్గర పెట్టి ఉంటే మీటిన క్షణంలో 1600కు ఎగిరి మళ్లీ 200కు దిగుతుంది. ఆ దిగడమే తీగ గొంతు. ఇక బుర్ర కోసం రెజొనెన్స్ కొద్దిగా, పావు వంతు లోపే పెంచండి.

ఎల్ఎఫ్ఓ గురించి రెండు మాటలు

ఇది కూడా ఆసిలేటరే, కానీ చెవికి అందనంత నెమ్మదిగా ఊగుతుంది. మనకు వినపడేది 20 హెర్ట్జ్ నుంచి. దీన్ని వీసీఓ స్వరాన్ని కదిలించే ఎఫ్ఎమ్ ఇన్‌పుట్‌లో 5 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఒక్క శాతం తిప్పితే గమకం లాంటి వణుకు వస్తుంది, ఫిల్టర్‌లో పెడితే 'వావ్ వావ్' అంటుంది. నేను మాత్రం వేరే పనికి ఎక్కువ వాడతాను. దీని స్క్వేర్ అవుట్‌పుట్‌ను ఏడీఎస్ఆర్ గేట్‌కు ఇస్తే మెట్టు దానంతట అదే కొడుతూ ఉంటుంది. చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి నాబులు సర్దుకోవచ్చు.

డప్పు

తీగ సౌండు లెక్కకు ఒదుగుతుంది. తోలు ఒదగదు. తీగలో హార్మోనిక్స్ 1, 2, 3 రెట్లుగా ఉంటాయి. గుండ్రంగా బిగించిన తోలు పొర మీద, పుస్తకం లెక్క ప్రకారం, 1, 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి. చక్కని నిష్పత్తి లేదు కాబట్టే డప్పుకు ఇదీ శ్రుతి అని చెప్పడం కష్టం. 'సా' తరంగాన్ని ఎంత ఫిల్టర్ చేసినా ఇది రాదు. అందుకని ఇక్కడ తీసివేతతో పాటు కాస్త కలపడం కూడా అవసరం.

కొత్త ప్యాచ్ (మాడ్యూళ్లు, కేబుళ్ల అమరిక) తెరవండి. రెండు వీసీఓలు, రెండూ సైన్. మొదటిది 130 హెర్ట్జ్, రెండోది దానికి 1.59 రెట్లు, అంటే 207. రెండింటికీ మిడి నుంచి ఒకే వోల్ట్ పర్ ఆక్టేవ్ కేబుల్ పంచండి. జెడ్ నొక్కితే 0 వోల్టులు వస్తాయి కాబట్టి నాబులు పెట్టిన చోటే మోగుతాయి. మిక్సర్‌లో రెండోదాన్ని మొదటిదానిలో సగం కంటే తక్కువ పెట్టి, కలిపినదాన్ని వీసీఏకు పంపండి. ఎన్వలప్: అటాక్ కనిష్ఠం, డికే 180, సస్టెయిన్ సున్నా, రిలీజ్ 100.

ఇప్పుడు నొక్కితే 'బూమ్' అని ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. రెండు సంగతులు తక్కువయ్యాయి.

ఒకటి, పుల్ల తగిలిన క్షణంలో తోలు లాగినట్టై స్వరం పైకి పోయి వెంటనే దిగుతుంది. దానికి అదే మిడి గేట్‌తో ఇంకో ఏడీఎస్ఆర్ పెట్టండి. డికే 40 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా. దీన్ని రెండు వీసీఓల ఎఫ్ఎమ్ ఇన్‌పుట్లకూ ఇచ్చి నాబ్ 5 శాతం తిప్పండి. అంటే అర వోల్టు, అర స్థాయి. 20 శాతం తిప్పితే డప్పు పోయి డీజే కిక్ వస్తుంది. అది కావాలంటే అదీ నేర్చుకున్నట్టే.

రెండు, పుల్ల చప్పుడు. నాయిస్ మాడ్యూల్ తెచ్చి తెల్ల నాయిస్‌ను (అన్నీ కలిసిపోయిన 'హుష్' చప్పుడు) వీసీఎఫ్‌లో పెట్టి హై పాస్ అవుట్‌పుట్ తీసుకోండి, కటాఫ్ 1500 దగ్గర. దానికి విడిగా ఒక వీసీఏ, అదే గేట్‌తో విడిగా ఒక ఏడీఎస్ఆర్, డికే 25 మిల్లీసెకన్లు. దీన్ని తోలు సౌండుతో ఇంకో మిక్సర్‌లో కలపండి. కుడి చేతి సిర్రకు ఇంతే చాలు. ఎడమ చేతి సిటికెన పుల్ల దెబ్బ కావాలంటే తోలు భాగాన్ని సగానికి తగ్గించి, తోలు డికే 60కి కుదించి, నాయిస్ కటాఫ్ 3000 దాటించండి.

నాబుల మీద ఈ అంకెలు నాకు కుదిరినవి, మొదలుపెట్టడానికి మాత్రమే. కళ్లు మూసుకుని సర్దుకోండి. నేనైతే ఫోన్‌లో మా ఊరి పీర్ల పండుగ రికార్డింగ్ పెట్టుకుని, ఒక దెబ్బ అది, ఒక దెబ్బ ఇది వింటూ సర్దాను.

సౌండ్ రాకపోతే

ఆడియో మాడ్యూల్లో డివైస్ ఎంచుకున్నారా, అది చూడండి. తర్వాత స్కోప్‌ను చివరి నుంచి వెనక్కి ఒక్కో అవుట్‌పుట్‌కు పెట్టుకుంటూ పోండి. గీత ఎక్కడ చదునుగా మారిందో తప్పు అక్కడే. పదిలో ఎనిమిదిసార్లు గేట్ కేబుల్ పెట్టడం మరిచిపోయి ఉంటారు. కంప్యూటర్ కీబోర్డుతో వాయించేటప్పుడు ర్యాక్ విండో ముందుండాలి, లేకపోతే అక్షరాలు వేరే చోట పడుతుంటాయి.

ల్యాప్‌టాప్‌ను మైక్ సెట్‌కు కలిపాక ఒక హోరు వస్తే ప్యాచ్‌ను అనుమానించకండి. చార్జర్ పీకండి. ఆగిపోయిందంటే అది ఎర్తింగ్ గొడవ. ఆ హోరు స్వరం మీకిప్పుడు తెలిసిందే.

ఉచిత ర్యాక్ మీరు పాటలు చేసే సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా నడవదు. సౌండ్ రికార్డు చేసుకుని అందులో పెట్టుకోవాలి. నేరుగా ప్లగిన్ కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. పేర్లు వేరైనా లోపల ఇవే ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్. కేబుళ్లు మాత్రం కనపడవు.

దేవరకొండ పిల్లగాడు తన డప్పు ప్యాచ్ పూర్తయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ల ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి పోయాడు. జెడ్ నొక్కి వినిపించాడు. ఆయన రెండుసార్లు విని, "డప్పు మంచిగనే ఉంది బిడ్డా, కాపలే" అన్నాడు. మంట మీద కాస్తే తోలు బిగిసి స్వరం పైకి పోతుంది, కాయకపోతే దిగులుగా మోగుతుంది. పిల్లగాడు నాకు ఫోన్ చేసి, రెండు వీసీఓల నాబులూ మళ్లీ లెక్కకట్టి తిప్పాలా అని అడిగాడు. జెడ్ వదిలేసి ఎక్స్ నొక్కమన్నాను. రెండు మెట్లు పైకి, 130 కాస్తా 146 అయింది, రెండో వీసీఓ దానితో పాటే లేచింది. ఫోన్ పక్కనే ఉన్నట్టుంది, పెద్దాయన "ఆ, గిప్పుడు కాగింది" అనడం నాకూ వినిపించింది.